తండ్రి పేరు గడిలో మా నాయన

మా పాప పుట్టలేదని నాకు మొదట చెప్పింది మా వార్డు సచివాలయంలో కంప్యూటర్ ముందు కూర్చునే అమ్మాయి. మాటలో విసుగేమీ లేదు. తెర వైపే చూస్తూ, "లేదక్కా, పుట్టలేదు," అంది. ఆ పుట్టనిది అప్పుడు నా చున్నీ పట్టుకుని నిలబడి, టేబుల్ మీదున్న స్టాంపు ప్యాడ్‌లో వేలు పెట్టాలా వద్దా అని ఆలోచిస్తోంది.

"ఇదిగో, ఇక్కడే ఉంది కదమ్మా," అన్నాను.

"సిస్టంలో పుట్టలేదంటా ఉండానక్కా. మీ ఆయన పేరు, తేదీ, రెండూ కొట్టి చూసినా. రాలేదు. బిడ్డ యాడ పుట్టింది?"

"చిత్తూరులో. పెద్దాస్పత్రిలో."

"ఆ మాట ముందే చెప్పేది లేదా. చిత్తూరులో పుట్టింటే చిత్తూరులోనే అడగాల. ఇప్పుడు అది వేరే జిల్లా కూడా అయిపోయింది."

పాప పుట్టినప్పుడు మేముంటున్న తిరుపతి, చిత్తూరు ఒకే జిల్లా. తర్వాత రెండయ్యాయి. ఏ పని మీద ఏ ఆఫీసుకు వెళ్లినా ఈ విషయాన్ని నాకు ఎవరో ఒకరు కొత్తగా చెబుతూనే ఉన్నారు, జిల్లాను నేనే విడదీసి వచ్చినట్టు.

పాప నిద్రపోయింది. మా ఆయన రాత్రి షిఫ్టులో ఉన్నారు. ఇదంతా మనసులో నుంచి దించుకోకపోతే నాకు నిద్ర పట్టదు కాబట్టి రాయడానికి కూర్చున్నాను.

సంగతేమిటంటే, పాపకు ఒకటో తరగతిలో కేంద్ర ప్రభుత్వ బడిలో సీటు వచ్చింది. లాటరీలో వచ్చింది. మా ఆయన తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తారు. ఆ ఉద్యోగం ఇక్కడే ఉంటుందో, రేపు ఇంకో రాష్ట్రానికి పొమ్మంటారో ఎవరికీ తెలియదు. ఏ ఊరికి వెళ్లినా ఇలాంటి బడి ఒకటి ఉంటుంది, బిడ్డ చదువు ఆగదు అన్న ధైర్యంతో నేను ఆ లాటరీ పేర్లు వేలాడదీసిన రోజు గేటు దగ్గరే నిలబడి ఏడ్చేశాను. ఆ సంతోషం ఇంటికొచ్చేదాకా కూడా నిలవలేదు. కాగితం కింద చిన్న అక్షరాల్లో ఉంది: నెలాఖరులోగా జనన ధ్రువీకరణ పత్రం అసలు ప్రతి చూపించాలి, లేకపోతే సీటు వెయిటింగ్ లిస్టులో తర్వాతి బిడ్డకు వెళుతుంది.

అంతవరకూ మాకు ఆ పత్రం అవసరం పడలేదు. ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన డిశ్చార్జి కాగితంతోనే పాపకు ఆధార్ తీశాం, టీకాలు వేయించాం, అంగన్‌వాడీలో చేర్చాం. జనన పత్రం ఎక్కడో ఉంటుంది, కావాలంటే ఇస్తారు అనుకున్నాం. ఉంటుందనే అనుకున్నాను గానీ, నాకు ఏ విషయంలోనూ ఉంటుందని అనుకుని ఊరుకునే గుణం లేదు. ఆ రోజు నుంచీ రిజిస్టర్లు వానకు తడిసినట్టు, చెదలు పట్టినట్టు, పాప పుట్టిన రోజు పేజీ ఒక్కటే ఎవరో చించుకుపోయినట్టు ఊహించుకుంటూ ఉన్నాను. జరిగింది మాత్రం ఊహించలేకపోయాను.

చిత్తూరు కార్పొరేషన్ ఆఫీసులో జనన మరణ విభాగానికి ఒకే కిటికీ. నా ముందు ఒకాయన తల్లి మరణ పత్రం కోసం వచ్చాడు. లోపలి క్లర్కు కళ్లజోడు నుదుటి మీదికి ఎత్తుకుని, ఆయన పని ముగించి, అదే ఊపులో నన్ను అడిగాడు.

"ఎప్పుడు చనిపోయింది?"

"చనిపోలేదు సార్. పుట్టింది."

"అట్ల చెప్పాల కదమ్మా ముందే. పేరు?"

"అప్పటికి పేరు పెట్టలేదు సార్."

"తండ్రి పేరు?"

మా ఆయన పేరు, పుట్టిన తేదీ చెప్పాను. ఆయన కొట్టి చూశాడు. లేదు. ముందు రోజు, తర్వాతి రోజు కూడా చూడమన్నాను. లేదు. ఇంటిపేరు రెండు రకాలుగా రాస్తారేమో, అలా కూడా చూడమన్నాను. నా వెనక నిలబడినవాళ్లు కాళ్లు మార్చుకోవడం మొదలుపెట్టారు.

"రిజిస్టరు నాకు చూపించండి సార్, నేనే వెతుక్కుంటాను."

"చూపించేదానికి అదేమన్నా పెండ్లి ఆల్బమా?"

"పబ్లిక్ రికార్డు కదా సార్."

"పబ్లిక్ అంతా వచ్చి వేళ్లు తడుపుకోని తిప్పితే ఇంగ రికార్డు ఏం మిగుల్తాది?"

నాకు డిగ్రీ ఉంది, సమాచార హక్కు చట్టం మీద కాలేజీలో ఒక వ్యాసం కూడా రాశాను, బహుమతి కూడా ఇచ్చారు. ఆ మాట అన్నాను, బహుమతి సంగతి తప్ప. ఆయనకు కోపం రాలేదు. "పెట్టుకోమ్మా, దానికేం. నెల రోజుల్లో జవాబిస్తాం," అన్నాడు. నెలాఖరు అంతకన్నా ముందే ఉంది. ఆ సంగతి ఆయనకు తెలియదు, చెబితే వినడు.

మరి ఏమనుకున్నాడో, "తల్లి పేరు చెప్పు," అన్నాడు. చెప్పాను. కొట్టాడు. నుదుటి మీది కళ్లజోడు కళ్ల మీదికి దిగింది.

"ఉండాది."

నా గుండె కుదుటపడబోయింది. ఆయన మాత్రం నన్ను చూసి, తెరను చూసి, మళ్లీ నన్ను చూశాడు.

"మీ ఆయన పేరు ఏమన్నావు?"

చెప్పాను.

"ఈడ అది లేదే." తండ్రి పేరు అన్నచోట ఉన్నది చదివాడు, ఇంటిపేరుతో సహా.

"అది మా నాయన పేరు సార్," అన్నాను.

"అదేమ్మా. నాయన పేరే ఈడ రాసేది."

"పాప నాయన కాదు సార్, మా నాయన."

"పాపకు నాయనే కదా."

"కాదు సార్. నాకు నాయన. పాపకు తాత."

ఆయన చేతిలోని పెన్ను కింద పెట్టాడు. నా వెనకున్న ఒకావిడ, తన వెనకున్నావిడను అడిగింది, "ఏందంట?"

"నాయనే తాతంట," అని ఆవిడ జవాబిచ్చింది.

ఆ తర్వాత క్లర్కు గొంతు తగ్గింది. "కుర్చీ ఉండాది, కూర్చో తల్లీ. నీళ్లు తాగుతావా?" అన్నాడు. అంతసేపూ పెండ్లి ఆల్బమా అని నన్ను వెక్కిరించిన మనిషి ఒక్కసారిగా మర్యాద చూపించేసరికి నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కూర్చోకుండా నిలబడే ఉన్నాను. ఆయన వెక్కిరింత నన్నేమీ చేయలేదు గానీ, ఆ నీళ్ల గ్లాసు మాత్రం తట్టుకోలేకపోయాను. పొరపాటు పడింది సార్, ఆస్పత్రిలో ఎవరో తప్పుగా రాశారు సార్ అని నేను చెబుతున్న కొద్దీ, నా మాటలు నాకే అబద్ధంలా వినిపించాయి.

"పొరపాటేలే," అన్నాడు. "అయినా పొరపాటని మేం అనుకుంటే చాలదు. నువ్వు నిరూపించాల."

"ఏం నిరూపించాలి?"

"ఈయన కాదని. ఆయనేనని."

ఉన్నది ఉన్నట్టు అచ్చు వేసి ఒక ప్రతి ఇచ్చాడు. ప్రభుత్వ ముద్ర, కింద సంతకం, పైన నా బిడ్డ పుట్టిన తేదీ, మధ్యలో తల్లిగా నేను, తండ్రిగా నన్ను కన్న మనిషి. దాన్ని అచ్చు లోపలికి వచ్చేలా మడిచి, ఫైల్లో పెట్టి, ఆ ఫైలును బస్సులో గుండెలకు అదుముకుని కూర్చున్నాను. పక్కన కూర్చున్నావిడ నా వైపు చూసినప్పుడల్లా ఆవిడ అట్ట లోపలి అక్షరాలు చదువుతున్నట్టే అనిపించింది.

పూతలపట్టులో దిగిపోయాను. అక్కడి నుంచి మా పుట్టిల్లు ఆటోలో వెళ్లేంత దూరం. మా నాయన ఆవుకు గడ్డి వేస్తున్నాడు. నన్ను చూసి, "ఫోన్ చేసింటే బండి తెస్తును కదమ్మణ్ణీ," అన్నాడు.

"నాయనా, పాప పుట్టినప్పుడు ఆస్పత్రిలో పేర్లు రాయించింది ఎవురు?"

"నేనే. ఇంగెవురుండారు ఆడ? అల్లుడు తడలో బస్సెక్కినాడు, వచ్చి చేరలేదు. మీ యమ్మ నీ కాడ లోపల ఉన్నింది."

"తండ్రి పేరు ఏం చెప్పినావు?"

"తండ్రి పేరని ఎవురూ అడగలేదే. ఆ నర్సమ్మ అట్ట పట్టుకోని వచ్చి, నాయన పేరేంది అనింది. నా పేరు చెప్పినా."

"బిడ్డ నాయన పేరు అడిగింది నాయనా."

"బిడ్డ నాయన అని ఆయమ్మ అన్లేదు. ఆస్పత్రిలో చేరింది ఎవురు? నువ్వు. మంచం మీదుండేది ఎవురు? నువ్వు. నీ నాయన ఎవురు? నేను. ఇందులో నేను తప్పు చెప్పింది ఏముండాదో నువ్వే చెప్పు."

నేను డిగ్రీ చదివిన మనిషిని. అందులో తప్పెక్కడుందా అని వేళ్లు మడిచి లెక్క చూసుకున్నాను.

"బిడ్డ అప్పటికి గుడ్డలో చుట్టి ఉండాది," అని ఇంకా చెప్పాడు. "దానికే పేరు లేదు. పేరు లేని బిడ్డకు నాయన పేరు ఎందుకడుగుతారని నేననుకుంటానా?"

లోపలి నుంచి మా అమ్మ గొంతు వినిపించింది. "అరవై దాటినాక ఆడబిడ్డను కన్నాడంట మారాజు. పోయి రచ్చబండ మీద కూర్చోని చెప్పుకోమను."

"నువ్వు ఊరికే ఉండుమే."

"నేనెందుకు ఉంటాను? ఆ కాగితంలో నేను లేనే లేను కదా."

నాకు నవ్వు రాలేదు. ఇప్పుడు రాస్తుంటే కొంచెం వస్తోంది. అప్పుడు మాత్రం నెలాఖరు తప్ప కళ్ల ముందు ఏదీ లేదు.

తర్వాతి రోజులన్నీ బస్సుల్లోనే గడిచాయి. ఆస్పత్రి రికార్డు గదికి వెళితే, "మేం పంపేసినాక మాకు సంబంధం లేదు, కార్పొరేషన్లో అడుగు" అన్నారు. కార్పొరేషన్లో అడిగితే, "వాళ్లు పంపిందే మేం ఎక్కించినాం, ఆస్పత్రిలో అడుగు" అన్నారు. రెండు మాటలూ నిజమే కావడం వల్ల ఎవరితోనూ పోట్లాడటానికి లేదు. ఒక చోట మా పెళ్లి ఫోటో అడిగారు. ఒక చోట ఫోటో చెల్లదు, పెళ్లి పత్రం కావాలన్నారు. మాది తమిళనాడు అంచున సత్యవేడులో, మా అత్తగారింటి ముందు పందిట్లో జరిగిన పెళ్లి, దానికి శుభలేఖ తప్ప ఇంకో కాగితం లేదు. ఆ శుభలేఖ అరవంలో సగం, తెలుగులో సగం ఉంది. దాన్ని తిరగేసి, బోర్లించి చూసి, "ఇది ఏ రాష్ట్రం?" అని అడిగారు. అడిగిన ప్రతి కాగితమూ నేను అప్పటికే జిరాక్సు తీయించి పెట్టుకుని ఉండేదాన్ని, వాళ్లు అడగని కాగితాలు కూడా. ఒకరోజు పాప టీకాల కార్డు జిరాక్సు చూసి ఒక గుమాస్తా, "ఇది ఎందుకు తెచ్చినావమ్మా?" అన్నాడు. ఎందుకు తెచ్చానో నాకూ తెలియదు. అడిగితే లేకుండా పోతుందేమోనని తెచ్చాను.

చివరికి అర్జీ తీసుకున్నారు. విచారణకు కార్పొరేషన్ హెల్త్ ఇన్‌స్పెక్టర్ ముందు అందరూ హాజరు కావాలన్నారు. అందరూ అంటే నేను, మా ఆయన, కాగితంలో తండ్రిగా ఉన్న మా నాయన. పాపను వదిలి వెళ్లడానికి ఎవరూ లేక వెంట తీసుకుపోయాను. ఈ ఒక్క పని నేను చేయకుండా ఉండాల్సింది.

ఆ ఇన్‌స్పెక్టర్ మంచివాడే. నవ్వు ముఖం. కాగితాలన్నీ చూసి, "పొరపాటు తెలుస్తానే ఉండాది లేప్పా," అని మా ఆయనతో అన్నాడు. ఆయన సెలవు పెట్టి వచ్చిన అలసటంతా ఆ మాటతో తీరిపోయి, కుర్చీలో వెనక్కి వాలారు. ఇన్‌స్పెక్టర్ సంతకం చేయడానికి పెన్ను తీసి, పాపను చూసి, ముచ్చటకే అడిగాడు.

"ఏం పాపా, మీ నాయన యాడ?"

పాప మా నాయన వైపు వేలు చూపించింది.

సంతకానికి వంగిన పెన్ను కాగితం పైనే ఆగింది. మా నాయన మాత్రం చెయ్యి చాచాడు, పాప పోయి ఆయన ఒళ్లో ఎక్కి కూర్చుంది.

తప్పు పాపది కాదు. నాకు ఒంట్లో బాగాలేక పాప మాటలు నేర్చే వయసంతా మేం పుట్టింట్లోనే ఉన్నాం. నేను నాయనా అంటే పాప కూడా నాయనా అంది. ఎవరూ దిద్దలేదు. ఇక తన తండ్రిని ఏమని పిలవాలనే దగ్గర మా రెండిళ్ల మధ్య పేచీ పడింది. మా వైపు నాయన అంటారు. మా ఆయన వాళ్లు సరిహద్దు మనుషులు, వాళ్ల ఇంట్లో తండ్రిని అప్పా అంటారు. ఇక్కడ అప్పా అని వీధిలో పోయే ప్రతి మగమనిషినీ పిలుస్తారు కాబట్టి మా అమ్మ ఒప్పుకోలేదు. మధ్యేమార్గంగా డాడీ అని కుదిరింది. సత్యవేడులో ఉన్న మా మామగారు తాత. మా నాయన నాయన. ఇంట్లో దీనివల్ల ఇన్నేళ్లలో ఏ ఇబ్బందీ రాలేదు.

మా ఆయన లేచి నిలబడ్డారు. "పాపా, నేనెవర్ని? చెప్పు నాన్నా, సార్‌కు చెప్పు."

"డాడీ."

"విన్నారు కదా సార్, డాడీ అంటోంది."

"విన్నానప్పా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఫారంలో డాడీ అని గడి లేదే, ఏం చేసేది?"

ఆయన హాస్యానికే అన్నాడు. పెన్ను మాత్రం మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. నేను మొదటి నుంచీ వివరించాను, అప్పా దగ్గర నుంచి, మా అమ్మ పేచీ దాకా. ఆయన అంతా విన్నాడు. నమ్మాడు కూడా అనుకుంటాను. "నాకు తెలుస్తాది తల్లీ. రేపు ఆడిట్లో ఎవురన్నా అడిగితే నేనేం చూపించేది? ఈ పెద్దాయన చేత ఒక అఫిడవిట్టు తీసుకోనిరా. ఈ బిడ్డకు నేను తండ్రిని కాదని. నోటరీ చేయించు. చేసిస్తాను."

నెలాఖరుకు ఇంక ఎంతో లేదు. మధ్యలో ఆదివారం ఉంది, పండగ సెలవేదీ లేకపోవడం ఒక్కటే అదృష్టం.

కోర్టు పక్కన కాగితాలు టైపు చేసే షాపు ఉంది. షాపతనికి విషయం చెప్పాను. పూర్తిగా వినకుండానే కొట్టడం మొదలుపెట్టాడు. నిమిషంలో అచ్చు తీసి మా నాయన ముందు పెట్టి, వేలితో సంతకం చోటు చూపించాడు. మా నాయన సంతకం పెట్టలేదు. నా చేతికిచ్చి, "చదువు," అన్నాడు.

చదివాను. సదరు బిడ్డకు తనకు ఎట్టి సంబంధమూ లేదనీ, సదరు బిడ్డపై తనకు గానీ తన వారసులకు గానీ ఇప్పుడు గానీ ఇకముందు గానీ ఎట్టి హక్కూ లేదనీ, మనఃపూర్వకంగా, ఎవరి బలవంతమూ లేకుండా రాసి ఇస్తున్నాననీ ఉంది.

"ఇది పొలం విడిచిపెట్టే కాగితం కదప్పా," అన్నాడు మా నాయన ఆ టైపు మనిషితో. "మా చిన్నాయన కొడుకు నాకిట్లనే రాసిచ్చినాడు."

"అందురికీ ఇట్లనే కొడతాం పెద్దాయనా. సంతకం పెట్టు."

"నా వారసులకు సంబంధం లేదంటే? నా వారసురాలు ఇదో, ఈయమ్మి. బిడ్డను కనింది ఈయమ్మే. కన్నతల్లికి సంబంధం లేదని నేను రాసియ్యాల్నా?"

ఆ మాట నిజం. నేను చదివాను గానీ నాకు తట్టలేదు. తట్టినా ఆ క్షణంలో నాకు పట్టేది కాదు. "నాయనా, ఎవరూ చదవరు. సంతకం పెట్టు, చాలు. ఆఫీసు మూసేస్తారు," అన్నాను.

"చదవకపోతే ఎందుకు రాయమంటారు?"

"సీటు పోతుంది నాయనా."

"పోనీ. సీటు కోసరం నేను పెంచిన బిడ్డకు నాకు సంబంధం లేదని రాయను."

అప్పుడు నేను గొంతు పెంచాను. రోడ్డు మీద, నలుగురూ చూస్తుండగా. ఇదంతా ఎవరి వల్ల వచ్చింది, నాయన పేరేంది అంటే ఎవరి నాయన అని ఒక్క మాట తిరిగి అడిగి ఉంటే ఈ తిరుగుడు ఉండేదా, ఆ కిటికీ దగ్గర నన్ను ఎట్లా చూశారో నీకు తెలుసా అన్నాను. ఆ చివరి మాట ఆయనకు అంతవరకూ చెప్పలేదు.

"ఎట్ల చూసినారు?" అని అడిగాడు.

నేను చెప్పాల్సిన పని లేకపోయింది. తల వంచుకుని భుజం మీది కండువా తీసి ముఖం తుడుచుకున్నాడు. తర్వాత టైపు మనిషి దగ్గరికి వెళ్లి స్టూలు మీద కూర్చున్నాడు.

"నేను చెప్తాను, కొట్టు. ఈ బిడ్డ నా కూతురి బిడ్డ. నేను ఈ బిడ్డకు తాతను, తండ్రిని కాను. ఆస్పత్రిలో నన్ను అడిగింది నాకు అర్థం కాక నా పేరు చెప్పినాను. తండ్రి నా అల్లుడు. అంతే."

"ఇంత తేటగా ఉంటే ఆఫీసులో తీసుకోరు," అన్నాడు అతను.

"నిజం తేటగానే ఉంటాది."

అతను నా వైపు చూశాడు. సర్దుబాటు నేనే చేశాను. మా నాయన చెప్పిన నాలుగు మాటలూ అలాగే ఉంచి, ముందు ఒక 'కావున', మధ్యలో రెండు 'సదరు', చివర 'ఇందుమూలముగా' చేర్పించాను. 'సదరు బిడ్డ' అన్నప్పుడు మా నాయన ముఖం చిట్లించాడు గానీ, అర్థం మారలేదు కదా అని ఊరుకున్నాడు. చదివించుకుని, సంతకం పెట్టాడు. నోటరీ ముద్ర పడింది. ఇన్‌స్పెక్టర్ దాన్ని తీసుకుని, పైనున్న 'కావున' దగ్గర, కిందున్న ముద్ర దగ్గర చూపు ఆపి, మధ్యది చదవకుండా ఫైల్లో పెట్టాడు.

పత్రం నెలాఖరుకు ముందు రోజు చేతికి వచ్చింది. ఇచ్చింది అదే కిటికీ, అదే క్లర్కు. ఇప్పుడు కుర్చీ గానీ నీళ్లు గానీ ఇవ్వలేదు, దానికి నాకు సంతోషమైంది. "ఇంగ ఎవురి పేర్లూ మార్చొద్దు తల్లీ," అన్నాడు. పాత పేరు పోయిందా అని అడిగాను. కొట్టెయ్యడం ఉండదట. రిజిస్టర్లో మొదట రాసింది రాసినట్టే ఉంటుంది, పక్కన సరిదిద్దినట్టు రాసి సంతకం చేస్తారట. పత్రంలో మాత్రం కొత్త పేరే వస్తుంది. ఒక్కసారి ఆ పేజీ చూపించమన్నాను. "ఆల్బమ్ కాదని చెప్పినా కదా," అన్నాడు.

మరుసటి రోజు పొద్దున్నే బడి గేటు తీయకముందే వెళ్లి నిలబడ్డాను. కాగితాలు చూసే మాస్టారు పత్రం అందుకుని, పుట్టిన తేదీ మీద వేలు పెట్టి, అప్లికేషన్లో తేదీతో పోల్చి, జిరాక్సు మీద ముద్ర వేసి, అసలు ప్రతి నాకు తిరిగి ఇచ్చేశారు.

"అయిపోయిందమ్మా."

"తండ్రి పేరు చూశారా సార్?"

"మాకు వయసు ముఖ్యం. పేర్లు మీరు అప్లికేషన్లో రాసినవే ఎక్కిస్తాం."

అంటే పాత పత్రం తెచ్చి ఉన్నా ముద్ర వేసేవారా అని అడగబోయాను. అడగలేదు. జవాబు వినే ఓపిక నాకు లేదు. కానీ వదిలిపెట్టి రావడానికి కూడా మనసు ఒప్పలేదు.

"ఒక్కసారి చదవండి సార్," అన్నాను.

"ఎందుకమ్మా?"

"చదవండి సార్. పైకి."

నా ముఖంలో ఏం కనిపించిందో, ఆయన పత్రం మళ్లీ తీసుకుని, క్లాసులో పాఠం చదివినట్టు తల్లి పేరు, తండ్రి పేరు చదివారు. సరిగానే ఉంది కదా అన్నట్టు చూశారు. సరిగానే ఉంది. వెనకున్నవాళ్లు కదిలారు, నేను పక్కకు జరిగాను.

బయటికొచ్చి మా నాయనకు ఫోన్ చేశాను.

"సీటు?"

"వచ్చింది నాయనా. చేర్చుకున్నారు."

"మంచిది. ఇంగ నా పేరు యాడా లేదు కదా?"

మళ్లీ మొదలు కాకూడదని అబద్ధం చెప్పి ఉండొచ్చు. అంతసేపు ఎండలో నిలబడి ఉండటం వల్ల తట్టలేదు. "పత్రంలో లేదు. రిజిస్టర్లో మాత్రం ఉంటుందంట. కొట్టెయ్యరంట, పక్కన రాస్తారంట," అన్నాను.

అటు నుంచి ముందు ఆవు అరుపు వినిపించింది.

"కొట్టెయ్యలేదా? అయితే ఎట్ల? రేపు బిడ్డ పెండ్లి టయానికి ఎవురన్నా ఆ పేజీ తీసి చూస్తే?"

"ఎవరికీ చూపించరు నాయనా."

"చూపించరని నీకు రాసిచ్చినారా? ఒకసారి పోయి కనుక్కోమ్మా. లేకుంటే నేను పోతాను. రేపు చేనికి మందుకొట్టేదానికి మనుషులు వస్తారు, ఎల్లుండి పోతాను."

నేను పోను, నువ్వూ పోవద్దు అని చెప్పాను. ఆయన సరేనని ఫోన్ పెట్టేశాడు. ఆ సరే నాకు తెలుసు. ఎల్లుండి పొద్దున ఆయన చిత్తూరు బస్సు ఎక్కకుండా చూడమని మా అమ్మకు వెంటనే ఇంకో ఫోన్ చేశాను.